షుగరు పరీక్ష జరిగే చోటే చిగుళ్లూ చూడాలి

గూడ్సు బండి బిలాస్‌పూర్ యార్డులోకి మెల్లగా వస్తున్నప్పుడు పట్టాలకు రెండు పక్కలా సిబ్బంది నిలబడి ఉంటారు. వాళ్ల చూపంతా చక్రాల మీద, ఇరుసుల మీద. బండి ఆగాక ఇరుసు పెట్టెల వేడి కూడా చూస్తారు. ఇరుసు వేడెక్కితే రైల్వేలో దాన్ని ‘హాట్ యాక్సిల్’ అంటారు. లోపల బేరింగు దెబ్బతింటోందని దాని అర్థం. పట్టించుకోకపోతే బండి పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ ‘కాస్త వేడే కదా’ అని ఎవరూ ఊరుకోరు.

ఒంటి విషయంలో మనకు అంత జాగ్రత్త ఉండదు. పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మితే ఎర్రగా కనిపిస్తుంది. బ్రష్షు గట్టిగా తగిలిందనుకుంటాం. నెలల తరబడి అలాగే కనిపించినా ‘కాస్త రక్తమే కదా’ అని నోరు పుక్కిలించి ఊరుకుంటాం. షుగరు ఉన్నవాళ్లు కూడా అంతే. కళ్లు చూపించుకోవాలని, కాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలని, ఏడాదికోసారి కిడ్నీ పరీక్ష చేయించుకోవాలని వాళ్లకు తెలుసు. చిగుళ్ల సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. షుగరు పరీక్ష ఎక్కడ జరుగుతుందో అక్కడే చిగుళ్ల గురించీ అడగాలి, నోరు తెరిపించి చూడాలి. ఇందుకు కొత్త ఆసుపత్రులు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. బిలాస్‌పూర్‌లాంటి రైల్వే ఊరు దీన్ని మొదలుపెట్టడానికి చాలా అనువైన చోటు.

రైలు తెచ్చిన తెలుగువాళ్లు

బిలాస్‌పూర్‌కూ తెలుగువాళ్లకూ బంధం పాతదే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షనుగా మార్చింది. ఆ కంపెనీ పట్టాలే ఉత్తరాంధ్రలోనూ పరుచుకున్నాయి. రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. ఆ దారుల వెంట పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. నేటికీ కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కి సొంతూళ్లకు వెళ్లి వచ్చేవాళ్లు ఉన్నారు.

మనుషులతో పాటు అలవాట్లూ ప్రయాణం చేశాయి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగే పెద్దవాళ్లను తెలుగువాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లో దొరికేది గుడాఖు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసిన ఈ ముద్దను చిన్న డబ్బాల్లో అమ్ముతారు. దాన్ని వేలితో తీసుకుని పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుంటారు. పళ్లపొడిలా కనిపిస్తుంది కానీ అది పొగాకే. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ పెద్దల్లో సుమారు 39 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వారిలో ఎక్కువమంది వాడేది పొగరాని పొగాకే.

దీనికి షుగరు తోడైతే ఏమవుతుంది? భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అందులో తేలింది. పట్టణాల్లో పెద్దవాళ్లలో 16.4 శాతం మందికి, పల్లెల్లో 8.9 శాతం మందికి షుగరు ఉంది. ఇటు తీవ్రమైన చిగుళ్ల జబ్బు ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. ఇంత విస్తృతంగా ఉన్న రెండు జబ్బులు ఒకే మనిషిలో కలవడం అరుదేమీ కాదు. పైగా అవి కలిసినప్పుడు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

రెండువైపులా నడిచే దారి

చిగుళ్ల జబ్బు పాచితో మొదలవుతుంది. పళ్ల మీద, ముఖ్యంగా చిగురు అంచున పేరుకునే పాచిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. రోజూ శుభ్రం చేయకపోతే అది గట్టిపడి గార కడుతుంది. చిగుళ్లు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. ఈ దశను జింజివైటిస్ అంటారు. శ్రద్ధ తీసుకుంటే ఇది పూర్తిగా తగ్గిపోతుంది.

అలాగే వదిలేస్తే కొంతమందిలో వాపు లోపలికి దిగుతుంది. చిగురు పంటిని వదిలి, మధ్యలో సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది. ఆ సంచిలోకి బ్రష్షు చేరదు. అక్కడ సూక్ష్మజీవులతో పోరాడే క్రమంలో మన ఒంటి రక్షణ వ్యవస్థే పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగించడం మొదలుపెడుతుంది. ఇది పెరియోడాంటైటిస్. ఒకసారి కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చివరికి పిప్పి లేని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది. ఇదంతా పెద్దగా నొప్పి లేకుండానే జరిగిపోవడం ఈ జబ్బులో ఉన్న అసలు మోసం.

షుగరు అదుపులో లేనివారికి ఈ జబ్బు వచ్చే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకు అతుక్కుని కొన్ని హానికర పదార్థాలను తయారుచేస్తుంది. అవి వాపును రెచ్చగొడతాయి. చిన్న రక్తనాళాలు దెబ్బతింటాయి. సూక్ష్మజీవులను ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు. గాయం మానడం ఆలస్యమవుతుంది. షుగరు కంటిలో, కిడ్నీలో చేసే పనినే చిగురులోనూ చేస్తుంది. అందుకే 1993లో దంత వైద్య శాస్త్రవేత్త హెరాల్డ్ లో చిగుళ్ల జబ్బును మధుమేహం తెచ్చే ఆరో ఉపద్రవంగా పేర్కొన్నారు.

ఇంతవరకూ ఒక వైపు. రెండో వైపు సంగతి చాలామందికి తెలియదు. చిగుళ్ల సంచుల్లోని వాపు నోటికే పరిమితం కాదు. అక్కడ తయారయ్యే కొన్ని రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఇన్సులిన్ మాటను కండరాలు, కాలేయం సరిగా వినకుండా అవి అడ్డుపడతాయి. దాంతో షుగరు పెరుగుతుంది. పెరిగిన షుగరు మళ్లీ చిగుళ్లను దెబ్బతీస్తుంది.

ఆ పుండు ఎంత పెద్దదో చెప్పడానికి అరచేతిని చూపించడం ప్రచారంలో ఉంది. అది అతిశయోక్తి. జబ్బు నోరంతా వ్యాపించిన వారిలో చిగుళ్ల సంచుల వైశాల్యం 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉండవచ్చని ఒక లెక్క. అయినా కాలి మీద అంత పుండు ఉంటే షుగరు రోగి ఒక్కరోజు కూడా ఆగడు. నోట్లో ఉన్నది కనిపించదు కాబట్టి ఏళ్ల తరబడి మోస్తాడు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసీ ప్రజలున్నారు. మధుమేహం వారిలో చాలా ఎక్కువ. వారిని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. మొదట షుగరు అదుపులోనే ఉన్నా, తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో తర్వాత అది అదుపు తప్పడం ఎక్కువగా కనిపించింది. 2005లో వెలువడిన మరో ఫలితం ఇంకా గట్టిది. షుగరుతో పాటు తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారు గుండె, కిడ్నీ జబ్బులతో మరణించే ముప్పు, చిగుళ్లు బాగున్న లేదా కాస్త మాత్రమే దెబ్బతిన్న షుగరు రోగులతో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఉంది. ఇలాంటి గమనింపులు ఒకదానివల్లే రెండోది జరిగిందని నిరూపించవు. అయితే పట్టించుకోకుండా వదిలేయదగినవీ కావు.

చిగుళ్లు బాగుచేస్తే షుగరు తగ్గుతుందా?

నిజమైన పరీక్ష ఇదే. ఇక్కడ అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదని ముందే ఒప్పుకోవాలి. 2013లో అమెరికాలో 514 మంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో చిగుళ్ల చికిత్స వల్ల ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ తగ్గలేదు. హెచ్‌బీఏ1సీ అంటే దాదాపు మూడు నెలల సగటు షుగరును తెలిపే రక్తపరీక్ష. దీనిమీద నిపుణులు ఒక అభ్యంతరం చెప్పారు. చికిత్స తర్వాత కూడా ఆ రోగుల్లో పాచి, రక్తస్రావం చాలావరకు మిగిలే ఉన్నాయి. వాపే పోనప్పుడు షుగరు ఎలా తగ్గుతుందని వారి ప్రశ్న.

2018లో లండన్‌లో జరిగిన అధ్యయనం ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. టైప్ 2 మధుమేహం, చిగుళ్ల జబ్బు రెండూ ఉన్న 264 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి లోతైన శుభ్రత, అవసరమైతే శస్త్రచికిత్స, మూడు నెలలకోసారి మళ్లీ సంరక్షణ ఇచ్చారు. రెండో బృందానికి పైపై శుభ్రత మాత్రమే చేశారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి బృందంలో హెచ్‌బీఏ1సీ 0.6 పాయింట్లు తక్కువగా ఉంది. 2022లో వచ్చిన కొక్రేన్ సమీక్ష ఇలాంటి 35 అధ్యయనాలను కలిపి చూసింది. చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు సగటున 0.43 పాయింట్లు, ఆరు నెలలకు 0.30 పాయింట్లు తగ్గుదల ఉందని తేల్చింది.

ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? హెచ్‌బీఏ1సీ 9 ఉన్న మనిషికి చిగుళ్ల చికిత్స ఒక్కటే చేస్తే అది 6కు దిగదు. మందులు మానేసి పళ్లు కడిగించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ 0.3, 0.4 పాయింట్లు చిన్నవేమీ కావు. ఉన్న మందుకు మరో మందు కలిపితే వచ్చే లాభానికి ఇది దరిదాపుల్లో ఉంటుంది. పైగా షుగరు సంగతి పక్కన పెట్టినా ఈ చికిత్స వల్ల పళ్లు నిలుస్తాయి. పళ్లున్న మనిషి రొట్టె, కూరగాయలు, జామకాయ నమిలి తినగలడు. పళ్లు పోయినవాడికి మెత్తటి అన్నం, జావే దిక్కవుతాయి. షుగరు రోగికి ఆ తేడా చిన్నది కాదు.

రైల్వే ఊరికి దీంతో ఏం పని?

బొగ్గు రైళ్లు పగలూ రాత్రీ నడిచే డివిజను ఇది. లోకో పైలట్లకు, గార్డులకు నిద్ర ఒక వేళకు ఉండదు, తిండి ఒక వేళకు ఉండదు. రాత్రి డ్యూటీలో మెలకువ కోసం తీపి టీ, దాంతో గుట్కానో ఖైనీనో తోడవడం సులువు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు తెలియని నిద్ర. రాత్రి పళ్లు తోముకోవడమన్న అలవాటుకు ఇలాంటి జీవితంలో చోటు దొరకడం కష్టం.

అదే సమయంలో, దేశంలో ఇంత క్రమంగా వైద్య పరీక్షలు జరిగే ఉద్యోగాలూ తక్కువే. రైల్వే మెడికల్ మాన్యువల్ ప్రకారం బండి నడిపే సిబ్బందికి 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్ష ఉంటుంది. చూపు, రక్తపోటు, షుగరు చూస్తారు. లోకో పైలట్‌కు చూపే బతుకుతెరువు. షుగరు అదుపు తప్పితే మొదట దెబ్బతినే వాటిలో కంటి రెటీనా ఒకటి. షుగరును అదుపులో ఉంచే ప్రతి చిన్న సాయమూ అతని ఉద్యోగాన్ని కాపాడే సాయమే. ఆ పరీక్షలో చిగుళ్లకు రెండు నిమిషాలు కేటాయించడం పెద్ద భారం కాదు.

రైల్వే బయట ఉన్నవారికి కూడా దారి ఉంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో 30 ఏళ్లు దాటినవారికి షుగరు, రక్తపోటు పరీక్షలతో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. అంటే వేలిని గుచ్చి చక్కెర చూసే ఆరోగ్య కార్యకర్తే నోరు తెరిపించి టార్చి వేసి చూడాలి. ఆ వెలుగు చెంపల మీద, నాలుక మీద పడుతుంది. ఆ చూపు క్యాన్సర్ కోసం. అదే వెలుగులో చిగుళ్లను కూడా ఒకసారి చూడమని అడగడమే నా ప్రతిపాదన.

అడగాల్సినవి మూడు ప్రశ్నలు. పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తుందా? పళ్లు కదలడం గానీ, వాటి మధ్య సందులు పెరగడం గానీ గమనించారా? దంత వైద్యుడిని చివరిసారి ఎప్పుడు కలిశారు? షుగరు ఉండి, మొదటి రెండింటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా దంత వైద్యుడి దగ్గరికి చీటీ రాసి పంపాలి. పొగాకు వాడేవారి విషయంలో మరో మెలిక ఉంది. బీడీ, సిగరెట్ తాగేవారి చిగుళ్లలో రక్తనాళాలు కుంచించుకుపోయి, జబ్బు ముదిరినా రక్తం అంతగా కారదు. రక్తం రావడం లేదని వాళ్లు ధీమాగా ఉండకూడదు. వాళ్లను ఎలాగూ పంపాలి.

ఎదురు దిశలోనూ ఇది పనికొస్తుంది. తమకు షుగరు ఉందో లేదో తెలియని, కానీ వచ్చే అవకాశం ఉన్న వ్యక్తులను అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఎన్ని పళ్ల దగ్గర లోతైన సంచులున్నాయి, ఎన్ని పళ్లు ఊడిపోయాయి అన్న రెండు విషయాలతోనే మధుమేహం లేదా దాని తొలిదశ ఉన్నవారిలో 73 శాతం మందిని గుర్తించగలిగారు. దంత వైద్యుడి కుర్చీ పక్కన గ్లూకోమీటర్ ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అభ్యంతరాలు ఉన్నాయి

పని భారంతో ఉన్న ఆరోగ్య కార్యకర్తల నెత్తిన ఇంకో పని పెడతారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇలాంటి జోడింపు మనకు కొత్త కాదు. క్షయ, మధుమేహం ఒకదాన్నొకటి పెంచుతాయని తెలిశాక క్షయ రోగికి షుగరు, షుగరు రోగికి క్షయ లక్షణాలు చూడాలని 2017లో జాతీయ స్థాయిలో విధానం తెచ్చాం. అక్కడ పనికొచ్చిన ఆలోచన ఇక్కడ ఎందుకు పనికిరాదు?

పంపితే చూసేవాళ్లు ఎవరన్నది రెండో ప్రశ్న. దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి. బిలాస్‌పూర్ పరిసరాల్లోనూ ఉన్నాయి. కొరతల్లా వైద్యులు పట్టణాల్లోనే గుమిగూడటం, చిగుళ్ల చికిత్సకు చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో చోటు లేకపోవడం. షుగరు ఉన్నవారికి చిగుళ్ల శుభ్రతను అలంకార చికిత్సగా కాక మధుమేహ చికిత్సలో భాగంగా లెక్కగట్టి, ఆ ఖర్చు ప్రభుత్వ పథకాలూ బీమా సంస్థలూ భరించాలి. అందరికీ ఒకేసారి కుదరకపోతే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉన్నవారితో మొదలుపెట్టవచ్చు.

మూడో అడ్డంకి మన అపోహలు. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నిజానికి పళ్లను వదులు చేసేది జబ్బు. గట్టిగా పేరుకున్న గార తీశాక, అప్పటికే ఎముక కరిగి వదులైన పన్ను కదలిక బయటపడుతుంది. గార పళ్లను పట్టి ఉంచే సిమెంటు కాదు. ‘షుగరు ఉంటే పళ్ల జోలికి పోకూడదు’ అన్నది మరో అపోహ. షుగరు సంగతి ముందే చెప్పి, వేళకు తిని, మందు వేసుకుని వెళితే చికిత్సకు భయపడక్కర్లేదు.

ఇలాంటి అపోహలు కరపత్రాలతో పోవు. అదే జబ్బుతో బతికే తోటి మనిషి చెబితే పోతాయి. బిలాస్‌పూర్ జిల్లాలోనే గనియారీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు మొదలుపెట్టిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఉంది. దీర్ఘకాల జబ్బులున్న పల్లెవాసులను బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని ఆ సంస్థ నడిపింది. రైల్వే కాలనీల్లోని తెలుగు సంఘాలు ఉగాదికి పచ్చడి పంచే చోటే ఏడాదికి రెండుసార్లు షుగరు, చిగుళ్ల శిబిరం పెట్టవచ్చు. గుడాఖు మానమని తెలుగులో చెబితే అవ్వకు ఎక్కుతుంది. హిందీలో చెబితే మనవడికి ఎక్కుతుంది. ఇద్దరికీ చెప్పాలి.

ఇక మన చేతిలో ఉన్నది. ఫ్లోరైడ్ పేస్టుతో, మెత్తటి బ్రష్షుతో పొద్దున్నా రాత్రీ రెండేసి నిమిషాలు తోముకోవడం, పళ్ల సందులను శుభ్రం చేసుకోవడం, పొగాకును ఏ రూపంలోనూ నోట్లో పెట్టకపోవడం, షుగరు ఉంటే ఏడాదికి కనీసం ఒకసారి చిగుళ్లు చూపించుకోవడం. వీటిలో ఏదీ మందుకు బదులు కాదు, మందుతో పాటు చేయాల్సినవే.

యార్డులో వేడెక్కిన ఇరుసు కనిపిస్తే ఆ వ్యాగన్‌ను బండి నుంచి విడదీసి పక్కన పెడతారు. ఆలస్యమైనా సరే, ముందుకు పంపరు. షుగరు ఉన్న మనిషి చిగురు నుంచి కారే రక్తం కూడా అలాంటి కబురే. దాన్ని చూడటానికి కావలసిన టార్చి ఇప్పటికే ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉంది. మిగిలింది దాన్ని చిగురు వైపు తిప్పమని ఆదేశించడమే.